రంగు కలిపిన కుప్ప

"రంగు కలిపిండ్రు. గీ సరుకు పనికిరాదు."

అబ్దుల్ రషీద్ ఆ మాట అనగానే రత్నవ్వ పసుపు కుప్ప చుట్టూ మూగిన వ్యాపారులు పక్క కుప్పకు జరిగిపోయారు. ఆర్మూర్ మార్కెట్‌లో ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే. కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, సరుకు ఎలాంటిదో చెప్పడం. జీతం పసుపు వ్యాపారి దేవిదాస్ సేట్ దగ్గరే అయినా, రషీద్ మాట విన్నాకే మిగతావాళ్లూ బేరానికి దిగేవారు.

రత్నవ్వది జక్రాన్‌పల్లి. తొమ్మిది నెలలు కాపాడుకున్న పంట అది. ఆమె ఒక కొమ్ము తీసి, నీళ్లలో వేసి చూడమంది. పైన రంగు పూస్తే నీళ్లలో వెంటనే దిగిపోతుంది. అక్కడ అందరికీ తెలిసిన పరీక్షే.

"నా కండ్లకంటె నీ గిలాసెడు నీళ్లు ఎక్కువనా?" అన్నాడు రషీద్, యార్డంతా వినపడేలా.

ఎవరో నవ్వారు. గీ వయసుల గీ దొంగ పనులేందవ్వా అని ఇంకెవరో అన్నారు. రత్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుప్ప పక్కనే కూలబడింది.

నిజానికి రషీద్‌కు రంగు కనిపించలేదు. విరిచిన కొమ్ములో ఎండకు తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనిపించలేదు. ఏడాదిన్నరగా అంతే. కొమ్ము విరిగే చప్పుడుతో, వాసనతో నెట్టుకొస్తున్నాడు. చీటీ చదవాల్సి వస్తే అద్దాలు ఇంట్లో మరిచానని పక్కవాడితో చదివించేవాడు. కళ్లు చూపించుకొమ్మని భార్య బిల్కీస్ పోరితే, సీజన్ అయిపోనీ అనేవాడు. ఆ రోజు కుప్ప దగ్గరికి వెళ్లేముందు దేవిదాస్ ఆయన చెవిలో, దీని మీద నాకు అనుమానముంది, జర చూడు అన్నాడు. దాంతో ఆ మెరుపే రంగై కూర్చుంది.

పదకొండింటికి బిల్కీస్ యార్డుకు వచ్చింది. హమాలీల కోసం అక్కడే కంటి పరీక్షల శిబిరం పెట్టారు. చూపించుకునేదాకా కదలనని పంతం పట్టి భర్తను లైన్లో నిలబెట్టింది.

ముందున్న వాళ్లు అక్షరాల అట్ట మీద ఒక్కో వరుసా చదువుతుంటే రషీద్ చెవులు రిక్కించి విన్నాడు. తన వంతు వచ్చేసరికి అక్షరాలన్నీ నోటికొచ్చాయి. పరీక్ష చేసే ఎస్తేరు ఒక కన్ను మూసుకొమ్మంది. ఆయన గడగడా చదివేశాడు.

"చాచా," అంది ఆమె మెల్లగా, "నేను అట్ట మార్చిన. ఇది వేరేది."

బిల్కీస్ తల దించుకుంది. టార్చి వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని, కుడిది బాగా ముదిరిందని ఎస్తేరు చెప్పింది. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందట. ఏటా చూపించుకుంటే ఇంతదాకా వచ్చేది కాదట. రాసుకోవడానికి, ఏం పని చేస్తారని అడిగింది. పసుపు రంగు చూసి చెప్తానన్నాడు. ఆమె పెన్ను ఆగిపోయింది.

"గీ కండ్లతోనా?"

ఆయన బయటికి వచ్చేశాడు.

రత్నవ్వ కుప్ప దగ్గర హమాలీలు సరుకును సంచులకు ఎత్తుతున్నారు. కొంటున్నది దేవిదాసే. కల్తీ పేరు చెప్పి సగం ధరకు. రెండింటికి లారీ కదులుతుంది. ఆ తర్వాత ఎవరేం చెప్పినా సరుకు వెనక్కి రాదు. రషీద్ సేట్‌ను పక్కకు పిలిచి, కల్తీ అయితే ఎందుకు కొంటున్నారని అడిగాడు.

దేవిదాస్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు కనవడ్తలేదని నిరుటి సంది నాకెరుకే రషీద్. ఎవ్వలకన్న చెప్పిన్నా? నువ్వు గూడ చెప్పకు."

రషీద్ లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే చాలు. ఆపరేషన్ అవుతుంది, చూపు వస్తుంది, పని ఉంటుంది. ఎవరికీ తెలియదు. రత్నవ్వ మాత్రం ఈ మార్కెట్‌కు మళ్లీ దొంగలాగే రావాలి.

ఆమె అమ్మకపు చీటీ మీద వేలిముద్ర వెయ్యబోతోంది. రషీద్ పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా, తన కళ్లు సరిగా లేవని, పొద్దున అన్నది తప్పని చెప్పాడు. మాఫ్ చెయ్యమన్నాడు.

రత్నవ్వ ఆయన వైపు చూడలేదు. సిరా అంటిన వేలు గాలిలోనే ఉంది.

"పొద్దుగాల ఎంత గట్టిగ అన్నవో," అంది, "గంత గట్టిగ చెప్పు."

రషీద్ లేచాడు. కాంటా మీదికి ఎక్కాడు. యార్డంతా వినపడేలా అరిచాడు.

"రత్నవ్వ సరుకుల రంగు లేదు. నేను చూడలే. నాకు కండ్లు కనవడ్తలెవ్వు. ఏడాదిన్నర సంది కనవడ్తలెవ్వు."

యార్డులో పారల చప్పుడు ఆగింది. ఒక వ్యాపారి వచ్చి కొమ్మును గ్లాసులో వేశాడు. నీళ్లు తేటగానే ఉన్నాయి. కొనేవాళ్లు మళ్లీ కుప్ప చుట్టూ చేరారు. రత్నవ్వ వేలికి అంటిన సిరాను గోనెసంచికి తుడిచి, వేలం మళ్లీ పెట్టమంది. దేవిదాస్ లారీ వైపు వెళ్లిపోయాడు. రషీద్ దిగడానికి కాలితో మెట్టు వెతుక్కుంటుంటే గుంపులోంచి ఒక గొంతు వినిపించింది.

"రషీద్ భాయ్, నిరుడు నా సరుకు పుచ్చు పట్టిందన్నవు."

ధర్పల్లి రైతు ముత్తెన్న. గొంతు గుర్తుపట్టాడు. మొహం మాత్రం ఎంత చూసినా దొరకలేదు.

"నా సరుకన్న చూసినవా?"

రషీద్ కాంటా మీదే నిలబడిపోయాడు. వెనకాల ఇంకొకరు, ఆ వెనకాల మరొకరు తమ తమ ఊళ్ల పేర్లు చెప్తున్నారు.

"చూడలే ముత్తెన్నా," అన్నాడు.