తాళం తీసేసిన పేజీ

ఇంజన్ మెకానిక్ ఎమ్ గితక్ కుడిచేతి వేళ్లు రెండు ఆసుపత్రిలో తీసేశారని ప్యో హేరాంగ్‌కు మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది. ఓడ ఇంజన్‌లో ఇంధన పంపు బోల్టు వదులు చేస్తుంటే, లోపల మిగిలిపోయిన ఒత్తిడికి నూనె సూదిలా దూసుకొచ్చి చేతిలోకి దిగిందట. ఆమె ముందున్న ఎముకల పులుసు అలాగే చల్లారిపోయింది.

కోజే దీవిలోని ఆ ఓడల మరమ్మతు యార్డులో ఇంజన్ పనుల పుస్తకాలను ట్యాబ్‌లోకి మార్చే పని హేరాంగ్‌ది. ఏ పని ఎలా చేస్తారో చూడ్డానికి ఏడాదంతా గితక్ వెంట ఇంజన్ గదుల్లోకి దిగింది. ట్యాబ్‌లో ఆ పంపు పని దగ్గర ఒక తాళం కూడా పెట్టింది. ఒత్తిడి సూచికలో కనబడే అంకెను నమోదు చేయాలి. అది సున్నా అయితే తప్ప బోల్టు విప్పే పేజీ తెరుచుకోదు.

మరి ఎలా తెరుచుకుంది? ఆమె ట్యాబ్ తీసి చూసింది. తాళం లేదు. దాని స్థానంలో మూలన చిన్న ఎర్ర త్రికోణం, కింద ‘చదివాను’ అన్న బటన్. త్రికోణాన్ని నొక్కితేగాని హెచ్చరిక కనబడదు. బటన్ మాత్రం వేలంత పెద్దగా ఉంది.

ప్రోగ్రాములు రాసే సెక్షన్‌కు పరుగెత్తింది.

“డైరెక్టర్ గారు తీయించేశారక్కా,” అన్నాడు అక్కడి ఉద్యోగి గొంతు తగ్గించి. “ఓడ యజమానులకి ఇది చూపిస్తుంటే తాళం దగ్గర ఆగిపోయిందిగా. పరువు పోయిందన్నారు. నువ్వప్పుడు పని మీద పూసాన్ వెళ్లి ఉన్నావు.”

హేరాంగ్‌కు ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే విచారణ పెట్టారు. నమ్‌గుంగ్ డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “గితక్ పనిమంతుడే, కాదనను. కానీ హెచ్చరిక చదివానని తన చేత్తోనే నొక్కాడు. రికార్డుంది. నొక్కాక కూడా చూసుకోకపోతే మేమేం చేస్తాం?”

“డైరెక్టర్ గారూ,” అంది హేరాంగ్ లేచి నిలబడి, “ఆ బోల్టు మీరోసారి విప్పండి. దీంట్లోనే.” ట్యాబ్ అతని ముందుకు తోసింది.

అతను నవ్వి తీసుకున్నాడు. ‘తర్వాత’, ‘తర్వాత’, ‘చదివాను’, ‘తర్వాత’ అని వరసగా బటన్లు నొక్కుకుంటూ పోయాడు. “అయిపోయింది. ఇంత సుళువు చేశాం కదా!”

“హెచ్చరికలో ఏముంది?”

అతని నవ్వు ఆగింది. వేలు తెర మీద వెనక్కి వెళ్లబోయింది.

“వెనక్కెళ్లకండి. చదివానని నొక్కారుగా, మీ రికార్డు కూడా ఉందిప్పుడు.”

“అయ్యయ్యో, డైరెక్టర్ గారి చెయ్యి కూడా పోయిందే!” అన్నాడు కార్మిక సంఘం మనిషి. ఎవరో కిసుక్కుమన్నారు.

“ఇదేం ఆట? నీ హద్దులో నువ్వుండు!” అని అరిచాడు నమ్‌గుంగ్.

“హద్దా? నేను పెట్టిన హద్దుని పీకేసింది మీరు! పీకేసి, ఆ మనిషి చేత ఒప్పుకోలు నొక్కించుకున్నారు. చదవడానికి కాదండీ ఆ బటన్, మీరు తప్పించుకోడానికి!”

చివరికి నివేదికలో ‘కార్మికుడి అజాగ్రత్త’ అన్న మాట కొట్టేశారు. తాళం మళ్లీ పెట్టారు. తీసిందెవరో మాత్రం రాయలేదు. హేరాంగ్‌ను విడిభాగాల జాబితాలు చూసుకోమని వేరే భవనానికి పంపేశారు.

ఆదివారం ఆమె ఆసుపత్రికి వెళ్లింది. గితక్ కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నాడు. జరిగిందంతా విన్నాడు. థాంక్స్ చెప్పలేదు.

“తప్పెవరిదని రాశారు?”

“ఎవరిదీ కాదని, అన్నా.”

“ఎవరిదీ కాదా!” అతని మొహం జేవురించింది. “అయితే నా వేళ్లు వాటంతటవే రాలిపడ్డాయా?”

“అది చెప్పడానికే వచ్చాను. నువ్వు కేసు పెట్టు. ఎవరు తీయించారో పేరుతో సహా కోర్టులో నేను చెప్తాను.”

“నీ ఉద్యోగం?”

“పోతే పోనీ. ఆ జాబితాల కోసం నోరు మూసుకోమంటావా?”

అతను బల్ల మీది కమలాపండును ఎడమచేత్తో ఆమె వైపు దొర్లించాడు.

“వొలిచి పెట్టు చెల్లెమ్మా. ఈ చేత్తో నాకింకా రావట్లేదు. వకీలు సంగతి తిన్నాక మాట్లాడుకుందాం.”