కుళాయికి తాళం

జైలుకొచ్చిన కొత్త సూపరింటెండెంటు ఎలాంటివాడో హెడ్ వార్డరుకు మొదటిరోజే అర్థమైపోయింది. ఆయన బ్యారక్ గుమ్మం దాకా వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఏంటయ్యా ఈ కంపు?" అన్నాడు. యాభైమంది పట్టే గదిలో నూటయాభైమందిని కుక్కి, మరుగుదొడ్లు పూడుకుపోయినా పట్టించుకోకపోతే, కంపు కాక అత్తరు వాసన వస్తుందా?

పాత సూపరింటెండెంటు ఖైదీల కూడు ఒక ముద్ద నోట్లో వేసుకుంటేగానీ ఆఫీసులో అడుగుపెట్టేవాడు కాదు. ఈయన మళ్ళీ ఆ గుమ్మం తొక్కితే ఒట్టు. ఆఫీసు ముందు పచ్చిక వేయించి, గులాబీలు నాటించాడు. వాటికి రోజంతా నీళ్ళే నీళ్ళు.

"మీ అయ్యగారు ఏం చేస్తున్నారు?" అని భార్య అడిగితే, "పూలు లెక్కపెట్టుకుంటున్నాడు" అన్నాడు హెడ్ వార్డరు.

ఎండలు ముదిరాయి. బ్యారక్ కుళాయి సన్నగా కారడం, దాని దగ్గర తోపులాటలు మొదలయ్యాయి. దానికి ఆ మహానుభావుడి బుర్రకు తట్టిన ఉపాయం ఒకటే. కుళాయికి ఇనప పెట్టె బిగించి, తాళంచెవి ఒక ఖైదీ చేతికిచ్చాడు. బయట పేటనంతా హడలగొట్టి లోపలికొచ్చిన ఆ రౌడీని అందరూ 'దొర' అనేవారు. దొర కాళ్ళు పట్టినవాడికి స్నానం, బీడీలిచ్చినవాడికి చెంబెడు. మిగిలినవాళ్ళకి తడి గచ్చే గతి.

హెడ్ వార్డరు వెళ్ళి చెప్పాడు. "అయ్యా, వాడి చేతిలో నీళ్ళు పెడితే మనుషుల ప్రాణాలు పెట్టినట్టేనండీ."

"గొడవలు తగ్గాయా లేదా?"

"తగ్గాయండీ, భయంతో."

"నాక్కావలసింది నిశ్శబ్దం. అదెలా వస్తే నీకెందుకు?"

అంత చదువూ చదివి, అంత కుర్చీలో కూర్చుని, ఈ మనిషి తన పనిని ఒక రౌడీకి అప్పగించి మీసం దువ్వుకుంటున్నాడు. హెడ్ వార్డరుకు నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు.

ఒంటినిండా పొక్కులతో బాధపడుతున్న ముసలి దర్జీ ఒకాయన ఉండేవాడు. ఓ మధ్యాహ్నం తువ్వాలు తడుపుకుంటానని బతిమాలితే, దొర ఆయన చెంబును కాలితో తన్నాడు. పక్కనున్న తాపీమేస్త్రీ దొర చొక్కా పట్టుకున్నాడు. అంతే, బ్యారక్ మొత్తం లేచింది. దొర మనుషులు ఓ మూలకి నక్కారు. కంచాలు ఊచలకేసి బాదుతుంటే గోడలదిరాయి.

సూపరింటెండెంటు పరుగున వచ్చాడు, బయటి గేటు దాకా. అక్కడ తాళం వేయించుకుని, మైకు పుచ్చుకుని, "క్రమశిక్షణే మనిషికి అందం!" అని మొదలెట్టాడు. లోపల ఒక్కసారిగా నవ్వులు పేలాయి. ఆయన మొహం కందగడ్డయింది.

"లాఠీలతో లోపలికెళ్ళండి!" అని అరిచాడు.

"మీరు ముందు నడవండయ్యా, వెనక మేమొస్తాం" అన్నాడు హెడ్ వార్డరు.

ఆయన కదల్లేదు. హెడ్ వార్డరు లాఠీ గోడకానించి, ఒక్కడే లోపలికెళ్ళాడు.

"దొరా, తాళంచెవి ఇటివ్వు."

"అయ్యగారిచ్చారు నాకు."

"ఆయనొచ్చి నిన్ను కాపాడతాడనుకుంటున్నావా? చూడు, గేటవతల నిలబడి చెమటలు కక్కుతున్నాడు."

దొర అటు చూశాడు. చుట్టూ ఉన్న మొహాలూ చూశాడు. తాళంచెవి చేతిలో పెట్టేశాడు.

హెడ్ వార్డరు పెట్టె ఊడబీకి, "ముందు తాతకి" అన్నాడు. అంతవరకూ కంచాలు బాదినవాళ్ళే వరసలో నిలబడ్డారు. ఆఖరి చెంబు నిండేదాకా హెడ్ వార్డరు అక్కడే ఉన్నాడు.

మర్నాడు పై అధికారి విచారణకొచ్చాడు. "దెబ్బ పడకుండా నేనే స్వయంగా సర్దిచెప్పానండీ" అన్నాడు సూపరింటెండెంటు, కళ్ళార్పకుండా.

అధికారి హెడ్ వార్డరు వైపు తిరిగాడు. "అంతేనా?"

"అయ్యగారు గేటు దాటలేదండీ. తాళంచెవి రౌడీకిచ్చింది మాత్రం ఆయనే."

అధికారి దగ్గి, గులాబీలకు నీళ్ళాపించి, కుళాయికి ఇంకెప్పుడూ తాళం పడకూడదన్నాడు. సూపరింటెండెంటును మాత్రం ఒక్క మాటా అనలేదు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళట. వారం తిరక్కుండా హెడ్ వార్డరును గోడమీది కాపలా గూట్లోకి మార్చారు.

"నోరు కాస్త అదుపులో పెట్టుకోలేకపోయారా?" అంది భార్య.

"పెట్టుకుంటే మా అయ్యగారిలా అయ్యేవాణ్ణి" అన్నాడు. గూట్లో ఎండకు తలకు చుట్టుకోమని ఆమె తడి తువ్వాలు చేతికిచ్చింది.