బుగ్గన పెట్టుకున్న స్క్రూ

అక్కయ్య పాత కారు యాక్సిలరేటర్ మీద కాలు తీసినా ఇంజను వేగం తగ్గక, నా షెడ్డులో నిలబడ్డచోటే రొప్పుతోంది. ఇంజనుకు గాలీ పెట్రోలూ అందించే కార్బురేటర్ విప్పితే, గాలిని ఆపే రేకు సరిగ్గా మూసుకోవడం లేదు. దాని స్క్రూలు రెండూ తీసి, అలవాటుగా బుగ్గన పెట్టుకుని, రేకు సరిచేసి బిగించాను. ఇంజను నెమ్మదించింది.

"ఏరా, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?" అంది అక్కయ్య.

తలూపి ఊరుకున్నాను. పిల్లలను ఎక్కించుకుని కొండదారిలో దిగిపోయింది.

టీ గ్లాసు నోటికి ఆనించగానే అందులో టంగుమని స్క్రూ పడింది. పైప్రాణాలు పైనే పోయాయి. ఒక్క స్క్రూ మీద రేకు ఒరిగి ఇరుక్కుంటే, కాలు తీసినా కారు వేగం తగ్గదు. నా నోరు పడిపోను!

వెంటనే ఫోన్ చేశాను.

అక్కయ్య ఫోను నా బల్ల మీదే మోగింది.