ఏ ఊరని అడగని సభ

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కర్ణాటకలో చింతామణి ఊరి డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే హేమావతి మూడు రోజుల శిక్షణకని బెంగళూరు వెళ్ళి, 'నెట్‌వర్క్' అనే మాటను చంకన పెట్టుకుని వచ్చింది. అది 2007వ సంవత్సరం. ఆ మాట కంప్యూటర్ల గురించి కాదు, మనుషుల గురించేనని స్టాఫ్‌రూములో ఒక్కొక్కరికి రెండేసి సార్లు చెప్పుకోవలసి వచ్చింది.

ఆమె బాధ మాత్రం నిజమైనదే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పరీక్షలో ఇంగ్లీషు. ఈ మూడూ ఈది బెంగళూరులో సీటు తెచ్చుకున్న పల్లె పిల్లలు దసరా సెలవులకు వచ్చి మళ్ళీ వెళ్ళేవాళ్ళు కారు. తిన్నావా అని అడిగే దిక్కు అక్కడ ఉండదు. అందుకే ఈ పక్కనుంచి పోయి బెంగళూరు కాలేజీల్లో పనిచేస్తున్న పదకొండు మందిని వెతికి పట్టుకుని, ఒక ఆదివారం కైవారలో ఒక బడి హాల్లో కూర్చోబెట్టింది. దేవుడి దర్శనం కూడా అవుతుంది కాబట్టి రానన్నవాళ్ళు లేరు.

ఆ రోజు తేలవలసింది అంబిక సంగతి. బట్లహళ్ళి గురప్ప కూతురు, ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సోమవారం సాయంత్రంలోపు చేరాలి. హాస్టల్ అర్జీ మీద బెంగళూరులో ఉండే పెద్దవాళ్ళెవరైనా పూచీ సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే హాస్టల్ లేదు, హాస్టల్ లేకపోతే గురప్ప పంపడు.

సభకు హేమావతి ఒక నియమం పెట్టింది. 'ఏ ఊరు, ఎవరోళ్ళు' అని ఎవరూ ఎవరినీ అడగకూడదు. పేరు, ఉద్యోగం, అంతే. చదువుకునే రోజుల్లో బెంగళూరులో ఒకావిడ ఆమెకు గది తాళం ఇచ్చి, ఆ ప్రశ్నలే ఒకదాని తర్వాత ఒకటి అడిగి, మూడోదానికి తాళం వెనక్కి తీసుకుంది. ఆ అవమానం ఇరవై ఏళ్ళయినా ఆమెకు మానలేదు.

నియమం చక్కగా అమలైంది. అందరూ చొక్కాలకు, కొంగులకు పేర్ల చీటీలు గుచ్చుకుని, కన్నడలోనూ ఇంగ్లీషులోనూ పెళ్ళిచూపులకు వచ్చినంత మర్యాదగా మాట్లాడుకున్నారు. పావుగంటకు మాటలు అయిపోయాయి. తర్వాత అందరూ ఉప్మా వైపు చూశారు. అంబిక అర్జీ పట్టుకుని ఒక్కొక్కరి ముందూ నిలబడితే, "ఫోన్ చెయ్యమ్మా, చూద్దాం" అన్నారు. పదకొండు విజిటింగ్ కార్డులు దొరికాయి గానీ సంతకం దొరకలేదు. గురప్ప చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

అతని తల్లి పుట్టమ్మకు నియమం సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే మనిషి కాదు. పక్కన కూర్చున్న ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ కిశోర్‌ని అడగనే అడిగింది. "ఏ ఊరప్పా మీది?"

కిశోర్ భయంగా హేమావతి వైపు చూసి, "బాగేపల్లి పక్కన, అవ్వా" అని గొణిగాడు.

"ఎవరోళ్ళు?"

నాలుగో ప్రశ్నకల్లా కిశోర్ గురప్పకు వరసకు తమ్ముడయ్యాడు, అంబికకు చిన్నాయన. హాలంతా ఒక్కసారిగా తెలుగులోకి దిగింది. చూస్తుండగానే గురప్పకు ఇద్దరు బావలు, ఒక మేనత్త దొరికారు. కిశోర్ జేబులోంచి పెన్ను తీశాడు. అడగందే అమ్మైనా పెట్టదన్నది మరిచి పిల్లకు చేటు చేయబోయానే అని హేమావతికి సిగ్గేసింది.

పెన్ను కాగితం దాకా వచ్చి ఆగింది. "అయినా అన్నా, నేనుండంగా హాస్టల్ ఎందుకు? మా ఇంట్లోనే ఉండనీ. మీ మరదలికీ కొంచెం చేదోడుగా ఉంటాది, చిన్నపిల్లోళ్ళు కదా" అన్నాడు కిశోర్.

"మా ఇల్లు కాలేజీకి ఇంకా దగ్గర. వంట ఒకటి చూసుకుంటే చాలు" అంది కొత్త మేనత్త.

అంబిక కోసం ఇద్దరూ పోటీ పడుతుంటే గురప్ప ముఖం వెలిగిపోయింది. అంబిక మాత్రం అర్జీని మెల్లగా మడిచింది. హేమావతి ఆ మడత వైపు చూసింది. ఆ ఇళ్ళలో పిల్ల పుస్తకం ఎప్పుడు తెరుస్తుంది?

పుట్టమ్మ లేచి, మూలన కూర్చున్న ఒక నడివయసు ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆమె రామలక్ష్మమ్మ, ఒక కాలేజీ లైబ్రరీలో పని. ఊరు నాగరగెరె. పుట్టమ్మ అడిగింది నాలుగు కాదు, పది ప్రశ్నలు. ఎటు తిప్పినా వరస కలవలేదు.

"నీకూ మాకూ ఏమీ కాదన్నమాట."

"ఏమీ కాదమ్మా" అంది రామలక్ష్మమ్మ, అదేదో తన తప్పయినట్టు.

"అట్లయితే నువ్వే చెయ్యి సంతకం."

గురప్ప గాభరా పడ్డాడు. "ఇంతమంది మనోళ్ళు ఉండంగా, ముక్కూ మొగమూ తెలీని మనిషి యాడో..."

"ఊరుకోరా" అంది పుట్టమ్మ. "నేనూ చదువుకోనీకే పోయినా, చిక్కబళ్ళాపురానికి, మా చిన్నత్త ఇంటికి. మూడేండ్లు ఉండినా. శానా బాగా చూసుకునిరి. ఆ ఇంట్లో ఎన్ని గిన్నెలుండాయో ఇప్పుడడుగు, చెప్తా."

కిశోర్ పెన్ను జేబులో పెట్టుకోబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో రామలక్ష్మమ్మకు అందించాడు.

రామలక్ష్మమ్మ అంబికను పక్కన కూర్చోబెట్టుకుని, ఆదివారాలు తను లైబ్రరీలోనే ఉంటానని, వచ్చి చదువుకోవచ్చని చెప్పి, అర్జీలో తన భాగం నింపింది. 'విద్యార్థినికి ఏమవుతారు' అన్నచోట ఆగి హేమావతి వైపు చూసింది. అడగొద్దన్న ప్రశ్న అచ్చులోనే ఉంది. దానికి ఇటువంటి జవాబు కూడా ఉంటుందని హేమావతికి ఇరవై ఏళ్ళలో తోచలేదు.

"ఉన్నదే రాయండి" అంది. కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

'ఏమీ కాను' అని రాసి రామలక్ష్మమ్మ సంతకం పెట్టింది. పుట్టమ్మ ఆ కాగితాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"దీంట్లో మా పాప పేరు యాడుండాది?"

అంబిక వేలు పెట్టి చూపించింది. పుట్టమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది.

"ఇంగొంచెం పెద్దగా రాసుకోవే" అంది.