తువాలు కింది చెయ్యి

మైకులో పంట అంచనా నివేదిక చదవడం పూర్తయ్యేసరికి లసుమవ్వ పెనిమిటి కొమురయ్య ఇద్దరయ్యాడు. ఇద్దరూ చెరో మొక్కజొన్న కుప్ప పక్కన కూర్చుని, ఒకేలా తలపాగా సర్దుకుంటున్నారు.

వాళ్లు తెచ్చింది ఒక్క కుప్పే. మార్కెట్ యార్డులో అందరి కుప్పలూ ఇప్పుడు రెండేసి అయ్యాయి. ఈ ఏడు దేశంలో మొక్కజొన్న అనుకున్నదానికన్నా ఎక్కువ పండుతుందని నివేదిక చెప్పింది మరి. చాలా చోట్ల కంకి ఇంకా పాలు పోసుకుంటూనే ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా నివేదికకు ఎదురు చెప్పే అలవాటు గింజలకు లేదు. అవి పెరుగుతుంటే రేకుల షెడ్డు చోటిస్తూ పొడుగు సాగుతుంది.

ధరల బోర్డు మాత్రం నేలలోకి దిగుతోంది. ఇందాక మోకాళ్ల మీద కూర్చుంటే అంకెలు కనబడేవి, ఇప్పుడు బోర్లా పడుకోవాలి. లసుమవ్వ పడుకుని చదివి, చీర దులుపుకుని లేస్తుంది. ఆమెకు భయమేస్తోంది. ఈ కుప్ప తప్ప ఈ ఏడు మరో ఆధారం లేదు, కొమురయ్య తప్ప ఇంట్లో మరో మనిషీ లేడు.

అడ్తి సేటు చంద్రమౌళి వస్తాడు. వీళ్ల పంట ఏటా ఆయనే కొంటాడు. ఇద్దరు కొమురయ్యలనూ చూసి, ఎక్కడ చూసినా ఇదే గోల అన్నట్టు తల ఊపుతాడు.

“రెండున్నదానికి ధర ఉండది లసుమక్కా. ఒక్కటున్నదానికే ఉంటది. ఎక్కువైన కుప్పను, ఎక్కువైన మనిషిని నాకియ్యి. గోదాంల ఏస్త.”

ఇవ్వకపోతే ఏమవుతుందని ఆమె అడుగుతుంది. మధ్యాహ్నానికి నలుగురవుతారనీ, అప్పుడు ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరనీ సేటు నచ్చజెబుతాడు. పక్క షెడ్డులో అప్పటికే ఒకావిడ, తెచ్చిన సద్ది నలుగురు మొగుళ్లకు చాలక అందరినీ కలిపి తిడుతోంది.

లసుమవ్వ అడకత్తెరలో పోకచెక్క అయింది. ఎవరు అసలు, ఎవరు అంచనా? ఇద్దరూ గింజను పంటి కింద వేసి తేమ చూస్తారు. ఇద్దరి పళ్ల కిందా ఒకటే చప్పుడు. చివరికి ఏం చెయ్యాలో చెప్పమని ఇద్దరినీ అడుగుతుంది.

ఎడమ పక్క కొమురయ్య ఆలోచించడు. “అమ్మెయ్యే. రేపటికి ఇంక పడ్తది.”

కుడి పక్క కొమురయ్య కుప్పలోంచి గుప్పెడు గింజలు తీసి చూస్తాడు. “జర ఆగరాదే. కంకులింక శేన్లనే ఉన్నయి. ఎవలు లెక్కవెట్టిండ్రు?”

కొమురయ్య ఏ ఏడూ ఆగింది లేదు. నివేదిక వచ్చిన రోజే బెదిరి అమ్మేసే మనిషి. ఆ పిరికితనంతోనే లసుమవ్వ ఇన్నేళ్లు కాపురం చేసింది. ఆగమని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకని, ఆగమన్నవాడే అంచనా అనుకుంటుంది.

సేటు తువాలు పరుస్తాడు. ఈ యార్డులో ధర నోటితో చెప్పరు. తువాలు కింద చేతులు కలిపి వేళ్లతో చెప్పుకుంటారు. అరచెయ్యి మొత్తం నొక్కితే బేరం ఖాయం, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా మారదు. ఎప్పుడూ కొమురయ్యే చెయ్యి పెట్టేవాడు. ఇవాళ లసుమవ్వ పెడుతుంది. నొక్కుతుంది.

ఆగమన్న కొమురయ్య లేచి, తన కుప్ప బస్తాల వెంట గోదాము దాకా నడుస్తాడు. గుమ్మంలో ఆగి వెనక్కి చూస్తాడు.

“గిన్నేండ్లు నువ్వు జెప్పిందే గదనే,” అంటాడు. తలుపు మూసుకుంటుంది.

తాళం పడగానే మైకు మళ్లీ గరగరమంటుంది. పొద్దున చెప్పిన లెక్క తప్పనీ, పంట అంత లేదనీ, ఎక్కువగా చూపినదంతా లేనిదేననీ చదువుతారు. దాంతో లేనిదంతా పోతుంది. లసుమవ్వ దగ్గర మిగిలిన కుప్ప పొట్టయి గాలికి లేస్తుంది. ఆమె పక్కనున్న కొమురయ్య తలపాగా సర్దుకుంటూ సర్దుకుంటూ తలపాగా మాత్రమే మిగులుతాడు. తర్వాత అదీ ఉండదు.

ధరల బోర్డు నేలను చీల్చుకుని లేచి, రేకుల కప్పు దాటి, అంకెలు ఎవరికీ ఆననంత ఎత్తుకు పోతుంది. దాని నీడ యార్డంతా పడుతుంది.

లసుమవ్వ సేటు ముందు నిలబడి తన మనిషిని తనకిమ్మంటుంది. సేటుకు కోపం లేదు, కొంచెం జాలి కూడా ఉంది.

“ఇప్పుడు ఒక్కడే ఉన్నడు లసుమక్కా,” అంటాడు. “బేరం జేస్కో.”

మళ్లీ తువాలు పరుస్తాడు. ఆమె చెయ్యి పెడుతుంది. అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంటుంది. సేటు రెండు చేతులతో తమలపాకుకు సున్నం రాసుకుంటున్నాడు.

ఆ చేతికి బొటనవేలి మొదట్లో కొడవలి తెగిన మచ్చ ఉంది. ఆ గాయానికి పసుపు అద్దింది తనే. పొద్దున ఇద్దరి మాటలూ విన్నది కానీ, ఇద్దరి చేతులూ పట్టి చూడలేదు.

చెయ్యి ఓపిగ్గా తన ధర చెప్పడం మొదలుపెడుతుంది. ఒక వేలు. రెండో వేలు. ఐదూ అయ్యాక ఆరోది వస్తుంది, దాని వెనక ఇంకొకటి, విత్తిన చాలులో మొలకలు లేచినట్టు. తువాలు మెల్లమెల్లగా మొక్కజొన్న కుప్పంత ఎత్తు లేస్తోంది. ఆమె అరచేతిలోకి వేళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.