తెగినట్టే ఉన్న గీత

మూడు నెలల్లో మూడు తప్పులు పడితే బొమ్మల సెక్షన్ నుంచి స్కానింగు గదికి పంపేస్తారు. దానమ్మ చేరి రెండున్నర నెలలైంది. రెండు తప్పులు పడ్డాయి.

నాచారంలోని ఆ కంపెనీ విదేశీ ప్రచురణకర్తల పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. ప్రతి బొమ్మనూ ఇద్దరు వేర్వేరుగా గీయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. తర్వాత కంప్యూటర్ ఆ రెంటినీ ఒకదానిపై ఒకటి పెట్టి, తేడా ఉన్నచోట ఎరుపు చూపిస్తుంది. తప్పెవరిదో గోడకు అంటించిన నియమాలు తేలుస్తాయి. ఏడో నియమం: తెగిన గీతలు కలపవలెను. కంపెనీ మొదట్లో పాత యంత్రాల డ్రాయింగులు చేసేది. స్కాన్ చేస్తే వాటి గీతలు తెగేవి, కలపడమే పని. ఆ పని పోయినా నియమం ఉండిపోయింది.

అది 2013 ఆగస్టు. ఆ గురువారం వచ్చిన పేజీలో ఒక చెట్టు ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో, బుర్కినా ఫాసో, ఘనా, టోగో వైపు మాట్లాడే గుర్ భాషల వంశవృక్షం, ఒక ముసలి పరిశోధకురాలు చేత్తో గీసినది. పైన గుర్ అనే పేరు. కింద కొమ్మలు: ఓటీ-వోల్టా, గ్రూసీ, ఇంకా కొన్ని. ఎడమవైపు సెనూఫో అనే కొమ్మకు వెళ్లే గీత మాత్రం ముక్కలు ముక్కలుగా ఉంది.

పక్క వరుసలో కూర్చునే మొగిలయ్య దాన్ని కలిపేశాడు. దానమ్మ కలపలేదు. ఎరుపు వచ్చింది.

ఆమె వేలు కూడా మొదట కలపడానికే వెళ్లింది. కలిసిన గీత కంటికి విశ్రాంతినిస్తుంది. తెగిన గీతను చూస్తే, ఎవరో మాట మధ్యలో ఆపి గదిలోంచి వెళ్లిపోయినట్టు ఉంటుంది. దానమ్మకు ఆ ఖాళీలంటే చిన్నప్పటి నుంచీ భయం. ఎవరు ఏమడిగినా వెంటనే అవునో కాదో అనేస్తుంది. తెలియదు అనడం ఆమె దృష్టిలో ఒంటి మీద బట్ట జారిపోవడం లాంటిది.

కానీ ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివిన చెయ్యి అది. ముక్కల గీత అంటే గోడ వెనకున్న అంచు అని, కనిపించకపోయినా ఉందని నేర్పారు. అందుకే వేలు ఆగింది. ఆగాక, ఆపరేటర్లు చేయకూడని పని చేసింది. చెట్టు ముందున్న నాలుగు పేజీలూ చదివింది.

గోడ వెనక అంచు కాదని తెలిసింది. గుర్ భాషల్లో పేర్ల చివర చేరే ముక్కలు మనుషులను, వస్తువులను తరగతులుగా విడదీస్తాయి. సెనూఫోలోనూ అలాంటివే ఉండటం చూసి, ఒకప్పుడు దాన్ని గుర్ కుటుంబంలో కలిపారు. ఆ పోలిక చాలదని తర్వాతి వాళ్లు అన్నారు. డోగోన్ భాషలనూ ఒకప్పుడు ఇందులోనే చేర్చి, తర్వాత బయట పెట్టారు. సెనూఫో సంగతి ఇంకా తేలలేదు. తెలియదు అనడానికి కూడా ఒక గీత ఉంటుందని దానమ్మ మొదటిసారి చూసింది.

ఇన్‌ఛార్జి సుబ్రహ్మణ్యం తెనాలి మనిషి, మెత్తనివాడు. ఆమె కుర్చీ పక్కన నిలబడి గొంతు తగ్గించాడు.

"ఒక్క క్లిక్కు, దానమ్మగారూ. కలిపేయండి, నేను తప్పు కూడా రాయను. ఎందుకొచ్చిన పేచీ చెప్పండి."

"కలిపితే ఆమె చెప్పనిది మనం చెప్పినట్టయితది సార్."

రచయితకు ప్రశ్న చీటీ పంపవచ్చు. కాని ప్రశ్న అనవసరమని తేలితే అడిగినవాళ్ల మీద తప్పు పడుతుంది. ఆ మాట ఆయన రెండుసార్లు గుర్తు చేశాడు. దానమ్మ చీటీ రాసింది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పాక మొగిలయ్య మొదలుపెట్టాడు. "అక్కా, గా ఆఫ్రికోళ్లు నీకేమైతరు? సుట్టాలా?"

"బస్సు, టికెట్, టేబుల్ అని మనమూ అంటం, ఇంగ్లీషోళ్లూ అంటరు. గట్లని వాళ్లు నీకు మేనమామలా?"

అందరూ నవ్వారు. మొగిలయ్య సుబ్రహ్మణ్యం వైపు తిరిగాడు. "సార్, రాష్ట్రం ఇస్తమన్నరు గద. మీ గీత గూడ ఇగ ముక్కల గీతేనా?"

"నా గీత సంగతి తర్వాత. ముందు నీ పప్పు చల్లారిపోతోంది, తిను."

ఆయనా నవ్వాడు కాని, తన డబ్బా మాత్రం సగంలోనే మూసేశాడు.

శుక్రవారం జవాబు రాలేదు. శనివారం సాయంత్రం ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆటో దిగి దానమ్మ ఆగిపోయింది. మెట్రో స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. కొన్నిటి మధ్య దారి వేశారు, కొన్నిటి మధ్య ఉత్త ఆకాశమే ఉంది. అయినా స్తంభాలకు తొందర లేదు. స్కానింగు గదిని తలుచుకుంది: కిటికీ లేని గది, రోజంతా మూత ఎత్తడం, దించడం. భయం అక్కడే ఉంది. దాన్ని కప్పేయాలని మాత్రం అనిపించలేదు.

సోమవారం పొద్దున సుబ్రహ్మణ్యం అందరినీ పిలిచి, ఆ పరిశోధకురాలి నుంచి వచ్చిన ఉత్తరాన్ని తెలుగులో చెప్పాడు.

"ముప్పై ఏళ్ల క్రితం ఆ గీతను గట్టిగా కలిపి గీసింది నేనే. దాన్ని మళ్లీ ముక్కలు చేయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. మీలో ఒకరు దాన్ని అలాగే ఉంచారు. వారికి నా నమస్కారం. మిగతా చెట్లు ఎలా ఉన్నాయో కూడా వారినే చూడమనండి."

మిగతావి పదకొండు చెట్లు. అన్నీ ఎప్పుడో పాసయ్యాయి. దానమ్మ అసలు కాగితాలు పక్కన పెట్టుకుని చూసింది. ఎనిమిదింట్లో ముక్కల గీతలు ఉన్నాయి. గీసిన ఇద్దరూ ఒకేలా కలిపేశారు కాబట్టి ఎక్కడా ఎరుపు రాలేదు. ఇద్దరూ ఒకే తప్పు చేస్తే కంప్యూటర్ నోరెత్తదు. ఆ సంగతి ఇన్నేళ్లలో అక్కడ ఎవరికీ తట్టలేదు.

ఆమె లేచి నిలబడి, ఎనిమిది చెట్ల పేర్లూ ఒక్కొక్కటిగా చదివింది. సెక్షన్‌లో ఇరవై రెండు కుర్చీలు ఆమె వైపు తిరిగి ఉన్నాయి. తను వింటున్నది తన గొంతేనని నమ్మడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది.

ఆ సాయంత్రమే ఆమెను బొమ్మల సెక్షన్‌లో ఖాయం చేశారు. ఆ పుస్తకంలోని చెట్లన్నిటి తనిఖీ ఆమెదే. మొగిలయ్య కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏడ కలపొద్దో జర సూపియ్యక్కా."

"ముందుగాల సదువు. గీత తర్వాత."

వెళ్లిపోయేటప్పుడు దానమ్మ గోడ వైపు చూసింది. ఏడో నియమం అలాగే ఉంది. దాని కింద నీలం సిరాతో, సుబ్రహ్మణ్యం గుండ్రని చేతిరాతలో ఒక ముక్క కొత్తగా చేరింది: దానమ్మగారిని అడిగిన తర్వాత.