నెస్టా ఉన్న మూడేళ్ళు

"అమ్మాయికి నా వైపు నుంచి వస్తుందిలే. మా నాన్న అక్కడ పుట్టినవాడేగా" అన్నాడు ఎద్గార్దో, వంటింటి గుమ్మంలో నిలబడి మాతే కషాయం పీలుస్తూ.

అతని భార్య నెస్టా తలెత్తలేదు. నల్ల కేకు పిండిలో ఎండుద్రాక్ష కలుపుతోంది. శనివారం కదా, మధ్యాహ్నానికి పక్కనున్న ట్రెలెవ్ పట్నం నుంచి బస్సుల్లో జనం టీకి దిగుతారు. ఒకప్పుడు బ్రిటన్‌లోని వేల్స్ నుంచి వలసొచ్చినవాళ్ళు అర్జెంటీనాలో కట్టుకున్న ఊరు గైమన్. ఇక్కడి టీ ఇళ్ళలో వీళ్ళది బాగా పాతది. బయట బోర్డు మీద అత్తగారు ఓల్వెన్ పేరుంటుంది. లోపల పిండి కలిపేదీ, పొయ్యి దగ్గర నిలబడేదీ, ఆఖరి బస్సు వెళ్ళాక బల్లలు తుడిచేదీ నెస్టా.

ఎద్గార్దో అంటున్నది బ్రిటిష్ పౌరసత్వం గురించి. కూతురు ఐలెన్‌కి పదిహేడేళ్ళు. చర్చిలో ఏళ్ళ తరబడి మూలబడ్డ హార్ప్‌ని విప్పి, తీగలు మార్చి, పగిలిన చెక్కకి అతుకు వేసి మళ్ళీ పలికించిన పిల్ల. వేల్స్‌లో హార్ప్‌లు తయారుచేసే ఒక పెద్దాయన ఆ పని వీడియోలో చూసి, వచ్చి నా దగ్గర నేర్చుకో అన్నాడు. అయితే అక్కడ ఉండి పనిచేసే హక్కు ఉండాలి. ఆ హక్కు కోసం పద్దెనిమిది నిండకముందే అర్జీ పెట్టుకోవాలి. పిల్ల పుట్టినరోజు ఈ వేసవిలోనే.

"మీ నాన్న రక్తం ఊరికే పోతుందా! హ్యూస్ వంశం అంటే ఏమనుకున్నావు" అంది ఓల్వెన్ కుర్చీలోంచే.

నెస్టాకి ఒక మాట నోటి దాకా వచ్చింది. తన పాస్‌పోర్టు కూడా బ్రిటిష్‌దే. తల్లి మెయిర్ వేల్స్‌లో పుట్టి, టీచరుగా ఇక్కడికి వచ్చి, ఇక్కడివాణ్ణే చేసుకుంది. నెస్టా వాళ్ళ అన్న పుట్టినప్పుడు ఆవిడ రాయబార కార్యాలయానికి వెళితే, తండ్రి బ్రిటిష్‌వాడైతేనే బిడ్డకి వస్తుంది, తల్లి అయితే రాదు అన్నారట. నెస్టా పుట్టేసరికి చట్టం మారింది. "నిన్ను కనే నాటికి నాకూ రక్తం ఉందని ఒప్పుకున్నారే" అని నవ్వేది మెయిర్. కానీ ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. నెస్టా కూడా అనకుండానే పిండిని అచ్చులో పోసింది.

లాయరమ్మతో వీడియోలో మాట్లాడే రోజున ఎద్గార్దో ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తండ్రి పుట్టిన సర్టిఫికెట్టు చేతిలో పట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. అటు తల్లి, ఇటు కూతురు. నెస్టాకి కుర్చీ లేదు. ఎవరూ కావాలని తీసెయ్యలేదు, వెయ్యాలని తట్టలేదు, అంతే. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఉన్న ఆవిడ నెమ్మదస్తురాలు, చెప్పిందంతా ఓపిగ్గా వింది.

"మీరు వంశం ద్వారా వచ్చిన పౌరులు. దేశం బయట పుట్టారు. అలాంటివారి పిల్లలు కూడా బయటే పుడితే తమంతట తాము పౌరులైపోరు. ఒక్క దారి ఉంది. పాప పుట్టకముందు మీరు ఎప్పుడైనా మూడేళ్ళు వరసగా ఇక్కడ నివసించారా?"

"రెండుసార్లు వచ్చాను" అన్నాడు ఎద్గార్దో. "మా నాయనమ్మని చూడ్డానికి."

"ఎన్నాళ్ళున్నారు?"

"వచ్చినప్పుడల్లా ఓ పదిహేను రోజులు... ఇక్కడ మా గొర్రెల్ని వదిలి ఎక్కడుంటామండీ."

"అయితే మీ ద్వారా కుదరదు."

ఎద్గార్దో నవ్వబోయి ఆగిపోయాడు. చేతిలో కాగితాన్ని మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. ఐలెన్ మొహంలో వెలుగు పోయింది. "మరి అంతేనన్నమాట" అని ఓల్వెన్ లేవబోయింది. అప్పుడు లాయరమ్మ, "పాప తల్లి?" అని అడిగింది.

"ఆవిడా?" ఎద్గార్దో వెనక్కి తిరిగి చూశాడు. నెస్టా ట్రే పట్టుకుని నిలబడి ఉంది. "ఆవిడకీ పాస్‌పోర్టుందనుకోండి. పెళ్ళైన కొత్తలో అక్కడుంది కానీ, ఉద్యోగం కాదు, చదువు కాదు. మా నాయనమ్మకి తోడుగా, ఊరికే."

ఊరికే. ఆ మాట నెస్టాకి కొత్త కాదు. నాయనమ్మకి తుంటి విరిగినప్పుడు, ఆరు నెలలు వెళ్ళిరా అన్నారు. ఆ ముసలామెని వేల్స్ భాషలో నాయనమ్మ అన్నట్టు నైన్ అని పిలిచేది తను. రాళ్ళ గోడల మధ్య తడిసిపోయే ఊరు, బొగ్గు పొయ్యి, ఇరుకు మెట్లు. పొద్దున్నే పక్క మార్చడం, వీపు కడగడం, పుండు పడకుండా పొర్లించడం, గంజి చల్లార్చి చెంచాతో పట్టడం, తిడితే పడటం. ఆరు నెలలు ఏడాదైంది, ఏడాది రెండయింది. ఎప్పుడొస్తావు అని మొగుడు ఫోన్లో అడిగితే, నైన్ పక్కనే వింటూ ఉండేది. ఆవిడ బతికుండగా ఎప్పుడొస్తానో చెప్పడమంటే ఎప్పుడు పోతుందో చెప్పడమే కదా అని నెస్టా మాట మార్చేసేది. చివర్లో ఆ మనిషికి కొడుకు పేరు కూడా గుర్తులేదు, నెస్టా చెయ్యి మాత్రం గుర్తుపట్టేది. మట్టి చేసి తిరిగొచ్చిన కోడల్ని ఓల్వెన్ నలుగురిలో "మా కోడలు మూడేళ్ళు వేల్స్ చూసొచ్చింది" అని పరిచయం చేసింది. ఆ మాట ఇంట్లో సరదా అయిపోయింది. అలసిపోయానంటే, "మూడేళ్ళు సెలవు తీసుకున్నావుగా" అనేవాడు ఎద్గార్దో. చెడ్డవాడు కాదు. నవ్వించడానికే అనేవాడు. నెస్టా కూడా నవ్వేది.

"ఉద్యోగం ఉందా అని నేను అడగలేదు" అంది లాయరమ్మ. "నివసించారా అని అడిగాను. ఆవిడతో మాట్లాడనివ్వండి."

ఐలెన్ లేచి తల్లిని తన కుర్చీలో కూర్చోబెట్టింది. ట్రే ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకుంది నెస్టా.

"ఎన్నేళ్ళున్నారమ్మా?"

"మూడేళ్ళు దాటింది. ఐలెన్ పుట్టకముందే."

"మధ్యలో ఇంటికి వచ్చారా?"

"ఎలా వస్తాను? ఆవిణ్ణి ఎవరికి అప్పగించి?"

"మీ అమ్మగారు ఇక్కడే పుట్టారా?"

"అక్కడే, డొల్గెలై ఊళ్ళో."

లాయరమ్మ మొహం విప్పారింది. "అయితే మీ ద్వారా పాపకి ఇప్పించవచ్చు. ఋజువులు కావాలి. ఎక్కడైనా పేరు నమోదైందా?"

జీతం లేదు, బ్యాంకు లేదు, కరెంటు బిల్లు నైన్ పేరునే. నెస్టా ఆలోచించింది. "ఆవిణ్ణి ఎత్తీ ఎత్తీ నడుం పట్టేసింది. ఊరి డాక్టరు దగ్గర మొదటి చలికాలం నుంచీ చూపించుకున్నాను. చివరిదాకా."

ఎద్గార్దో ఆమెవైపు తిరిగాడు. "నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు నైన్ ఎలా ఉందని అడిగేవాడివి" అంది నెస్టా. అందులో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పిందంతే.

డాక్టరు దగ్గర వివరాలు దొరికాయి. నైన్ పక్కింటి బెరిల్ ఎనభై దాటినా గట్టిగానే ఉంది. లాయరమ్మ ఫోన్ చేస్తే, "ఆ అమ్మాయా! మా వీధిలో సొంత కూతుళ్ళున్న ముసలాళ్ళు కూడా ఆ ముసలిదాన్ని చూసి కుళ్ళుకునేవాళ్ళు. ఎక్కడ సంతకం పెట్టమంటావో చెప్పు" అందట. అది విని ఐలెన్ తల్లిని కొత్తగా చూసింది. ఆ రోజు గిన్నెలన్నీ తనే కడిగింది, ఎవరూ చెప్పకుండానే.

ఇక మిగిలింది కుటుంబంలో పెద్దల మాట. పంపించింది ఓల్వెన్ కాబట్టి ఆవిడే చెప్పాలి. మళ్ళీ వీడియో ముందు కూర్చున్నారు. ఈసారి కుర్చీలు నాలుగు.

"మా కోడలు నెస్టా, మా అత్తగారింట్లో మూడేళ్ళకి పైగా ఉంది" అంది ఓల్వెన్, అప్పజెప్పినట్టు.

"చాలు. చట్టానికి అంతకన్నా అక్కర్లేదు" అంది లాయరమ్మ, టైపు చేసుకుంటూ.

"ఆగండి" అంది నెస్టా. గొంతు పెంచలేదు. "ఉంది అంటే సరిపోదు అత్తయ్యా. ఎందుకుందో చెప్పండి."

"చట్టానికి అక్కర్లేదంటోందిగా!"

"చట్టానికి అక్కర్లేదు. నాకు కావాలి."

ఎద్గార్దో తల వంచుకున్నాడు. ఓల్వెన్ శాలువా సర్దుకుంది, కిటికీలోంచి పోప్లార్ చెట్లు చూసింది. మాట్లాడినప్పుడు గొంతు వేరుగా ఉంది.

"నేను వెళ్ళాల్సింది" అంది. "మా అత్తగారు నోటికి గయ్యాళి. ఆవిడంటే నాకు భయం. కొత్త కోడలు, కాదనలేదని నెస్టాని పంపాను. పుండు పడకుండా చూసుకుంది. ఆవిడ నెస్టా చేతుల్లోనే పోయింది. నేను... అందరికీ ఊరు చూసొచ్చిందని చెప్పుకున్నాను. రాసుకోండి. అన్నీ రాసుకోండి."

లాయరమ్మ రాసుకుంది. నెస్టా అత్తగారి చేతిమీద చెయ్యి వేసింది. ఎవరిమీదా గెలిచినట్టు లేదు ఆమెకి. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టుంది.

వేసవి రాకముందే ఐలెన్‌కి పౌరసత్వం వచ్చింది. టీకి వచ్చినవాళ్ళకి ఎద్గార్దోయే చెబుతున్నాడు. "నా వైపు నుంచి కాదండీ, వాళ్ళమ్మ వల్ల వచ్చింది. వాళ్ళమ్మ అక్కడ మా నాయనమ్మని చూసుకుంది." మొదట్లో ఆ మాటకి తడబడేవాడు, తర్వాత్తర్వాత అడక్కపోయినా చెప్పడం మొదలుపెట్టాడు.

ఐలెన్ టిక్కెట్టు కొనే రోజున నెస్టా చేతులు తుడుచుకుని వచ్చి, "నాకూ ఒకటి తియ్యి. తిరుగు ప్రయాణం చలికాలం అయ్యాక" అంది.

ఎద్గార్దో తలెత్తాడు. వద్దనలేదు. "కేకులు?" అన్నాడు చిన్నగా.

"నేర్పిస్తాను. వెళ్ళేలోపు నీకు వచ్చేస్తుంది."

ఓల్వెన్ కంగారుగా కుర్చీలో ముందుకు వంగింది. "అక్కడ ఎవరికి ఒంట్లో బాగాలేదే?"

"అందరూ బాగానే ఉన్నారు అత్తయ్యా" అంది నెస్టా. "ఈసారి ఊరు చూడ్డానికే వెళ్తున్నాను."